క్రుంగ్‌బిన్ వింటున్న రోజులు

8 నవంబర్, శనివారం

రాత్రి అందరూ పడుకున్నాక ‘ద యూనివర్స్ స్మైల్స్ అపాన్ యూ’ మొదటి నుంచి చివరి దాకా విన్నాను. క్రుంగ్‌బిన్ తొలి ఆల్బమ్. 2015లో వచ్చింది, పది ట్రాకులు. టెక్సస్‌లోని హ్యూస్టన్ బ్యాండ్, మొత్తం ముగ్గురే: గిటార్ మార్క్ స్పీర్, బేస్ లారా లీ, డ్రమ్స్ డొనాల్డ్ జాన్సన్.

‘మిస్టర్ వైట్’ మొదలవగానే ఒళ్లు తేలికపడింది. బేస్‌కి తొందర లేదు. ఒకే వరసని మళ్లీ మళ్లీ పలుకుతూ పాటంతా మోస్తుంది. డ్రమ్స్ పొడిగా, చెవి పక్కనే వాయిస్తున్నట్టు, ఒక్క దెబ్బ కూడా ఎక్కువ లేకుండా. గిటార్ మాత్రం ఎక్కడో దూరం నుంచి, రీవెర్బ్‌లో నాని వస్తుంది. ఎవరూ ఎవరినీ తోసుకోరు.

9 నవంబర్, ఆదివారం

పొద్దున వంటింట్లో పెట్టాను. అమ్మ కాసేపు విని, “పాడేవాళ్లు ఎప్పుడొస్తార్రా?” అంది.

“గిటారే పాడుతోందమ్మా, విను.”

‘టూ ఫిష్ అండ్ యాన్ ఎలిఫెంట్’ వచ్చేసరికి పోపు వేస్తూనే తలూపింది. స్పీర్ తీగని మీటడు, పలికిస్తాడు. స్వరాన్ని కాస్త వంచి, జార్చి, ఊపిరికి ఆగినట్టు ఆగుతాడు. ‘వైట్ గ్లవ్స్’లో నిజంగా గొంతు వినిపించినా, అదీ వాద్యాల్లో ఒకటిగా వెనకే ఉండిపోయింది.

ఈ నిగ్రహం చర్చి నుంచి వచ్చిందనుకుంటాను. స్పీర్, జాన్సన్ కలిసింది హ్యూస్టన్‌లో ఒక చర్చి గాస్పెల్ బ్యాండ్‌లోనే. స్పీర్ గిటార్, జాన్సన్ ఆర్గన్. పాడేవాళ్లకి చోటిచ్చి వాయించడం ఏళ్లతరబడి అలవాటైన చేతులు.

11 నవంబర్, మంగళవారం

ఈ ఆల్బమ్ మూలం 1960లు, 70ల థాయ్ ఫంక్. అప్పట్లో బ్రిటన్ నుంచి షాడోస్, అమెరికా నుంచి వెంచర్స్ అనే గిటార్ బ్యాండ్ల రికార్డులు బ్యాంకాక్ చేరాయి. కుర్రాళ్లు ఎలక్ట్రిక్ గిటార్లు పట్టుకున్నారు. ఆ బాణీకి షాడోస్ పేరే పెట్టుకున్నారు. లూక్ తుంగ్, మోలాం లాంటి పల్లె పాటల్లోకి గిటార్, ఆర్గన్, ఫంక్ తాళం వచ్చి చేరాయి. ఆ థాయ్ పాటలు మళ్లీ ఇన్నేళ్లకి టెక్సస్‌లోని ఈ ముగ్గురి చెవిన పడ్డాయి. సముద్రం దాటి వెళ్లిన గిటార్ కొత్త యాసతో తిరిగొచ్చింది. ఇందులో ఏది ఎవరి సొత్తని విడదీస్తాం? ఆ థాయ్ ఫంక్‌కి సోల్, డబ్, సర్ఫ్ సంగీతాలు కలిశాయి. అతుకు ఎక్కడా కనపడదు.

14 నవంబర్, శుక్రవారం

రికార్డింగ్ చేసింది బర్టన్ అనే పల్లె దగ్గర, ఒక పశువుల కొట్టంలో. అందుకేనేమో, పాటల చుట్టూ గాలి ఆడుతుంది.

పాత శబ్దం కోసం రికార్డు గీతల చప్పుడు అతికించేవాళ్లని చాలామందిని విన్నాను. అది వేషం. వీళ్లు పాతవాళ్ల దగ్గర నేర్చుకున్నది వాయించే పద్ధతి: తక్కువ స్వరాలు, నిలకడైన తాళం, పక్కవాడిని వినడం. నాకు ఈ ఆల్బమ్ మీద ఇంత గౌరవం అందుకే.

2018లో వచ్చిన రెండో ఆల్బమ్‌కి ఇరాన్ పాటల దాకా వెళ్లారు. రేపు రాత్రి అది వింటాను.