నూకల రొట్టె

2023 డిసెంబరు 5 మధ్యాహ్నం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటుతోందని టీవీలో చెప్తుండగానే ఏలూరులో మా వీధికి కరెంటు పోయింది. ఒకరు మిచౌంగ్ అన్నారు, ఒకరు మిగ్‌జాం అన్నారు. మయన్మార్ పెట్టిన పేరట. దాన్ని ఎలా పలకాలో మాకు తేలేలోపే అది వచ్చి వెళ్లిపోయింది. అప్పటికి నా ఓవెన్‌లో రెండు కేకులు సగం పొంగి ఉన్నాయి. తలుపు అద్దంలోంచి చూస్తుండగానే మధ్యలో కుంగిపోయాయి.

పదేళ్లుగా ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతున్నాను. డిసెంబరు నాకు కోతల కాలం. క్రిస్మస్ ఆర్డర్లతో వచ్చే డబ్బు మిగతా ఆర్నెల్ల సంపాదనతో సమానం. అయినా మా ఇంట్లో దాన్ని 'కాలక్షేపం' అంటారు. కరెంటు లేని ఆ రెండు రోజులూ పాత కుక్కర్ బయటికి తీశాను. గాస్కెట్టూ విజిలూ తీసేసి, అడుగున ఇసుక పోసి, గిన్నె పెట్టి, గ్యాస్ మంట తగ్గించి కూర్చున్నాను. ఓవెన్లు లేని రోజుల్లో అమ్మ అలాగే చేసేది. ఒక్కో కేకుకి గంట పైనే పట్టింది. మొత్తానికి ఎవరికీ మాట తప్పకుండా ఇవ్వగలిగాను. ఆ రెండు రోజులూ నా కష్టం నాకు పెద్దదిగానే కనిపించింది.

మూడో రోజు ఊరి నుంచి ఫోనొచ్చింది. "అమ్మాయిగారూ, ధాన్యం తడిసిపోయింది. మీరొకసారి వస్తే బాగుండు" అని.

ఆవిడ మా రెండెకరాలు కౌలుకి చేస్తుంది. భర్త పోయాక కూడా వదల్లేదు. వయసులో నాకంటే పెద్దది. అయినా ఆవిడ నన్ను 'మీరు' అంటుంది, నేను ఆవిణ్ణి 'నువ్వు' అంటాను. చిన్నప్పట్నుంచీ అంతే. స్త్రీల గురించి ఇన్ని వ్యాసాలు చదివి, రాసి కూడా ఆ ఒక్క మాట మార్చుకోవడం నాకింకా చేతకాలేదు.

ఏలూరులో బస్సెక్కాను. భీమడోలు దాటిన దగ్గర్నుంచీ రోడ్డుకి రెండు పక్కలా ఒకటే దృశ్యం. కోసి పడేసిన పనల మీద నీళ్లు. నిలబడి ఉన్న చేలు కూడా చాప పరిచినట్టు పడిపోయాయి. ఎండ పొడ కనిపించిన చోటల్లా ధాన్యం రోడ్డెక్కింది. బరకాల మీద పోసిన ధాన్యాన్ని కాళ్లతో చాళ్లు తీస్తూ, తిరగేస్తూ ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. తాడేపల్లిగూడెంలో దిగి నిడమర్రు వైపు వెళ్లే ఆటో పట్టుకున్నాను. ఆటోలో ఒకాయన "రైతు మునిగిపోయాడండీ" అన్నాడు. రోడ్డు మీద వంగి ఉన్న ఆ ఆడవాళ్లను చూస్తూ నేనూ అవునన్నట్టు తలూపాను.

ఆవిడ వాకిట్లో ఉప్పు ప్యాకెట్లు గుట్టగా ఉన్నాయి. మొలకెత్తకుండా ఉండాలంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద కొట్టమని వ్యవసాయ శాఖవాళ్లు చెప్తారు. అంటే ఎకరానికి 200 లీటర్లనుకున్నా పది కిలోల ఉప్పు. కొట్లో దొరికినంత కొని, చాలక వంటింట్లో జాడీ కూడా ఒంపేసింది. అప్పటికే కొన్ని కంకుల మీద తెల్లటి మొలకలు బయటికొచ్చేశాయి.

ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకి 2183 రూపాయలు. మన లెక్కలో 75 కిలోల బస్తాకి 1637. ఆ ధర రావాలంటే తేమ 17 శాతం మించకూడదు. చినుకులాగని ఆకాశం కింద తేమ ఎలా తగ్గుతుంది? ఒకవేళ తగ్గినా నూక అడ్డం వస్తుంది. తడిసి, ఎండి, మళ్లీ తడిసిన గింజలో పగుళ్లు పడతాయి. మర ఆడించినప్పుడు నిలవదు, విరిగిపోతుంది. రంగు మారిందని కొంత, నూక ఎక్కువని కొంత కోసి, చివరికి వ్యాపారి తనకి తోచిన ధర చెప్పాడు. ఆవిడ బేరమాడలేదు. తిండికి ఉంచుకున్న బస్తాలు ఆడిస్తే వచ్చిన నూకలు మాత్రం జాగ్రత్తగా జల్లించి డబ్బాలో పోసుకుంది.

ఆ సాయంత్రం వాటితోనే దిబ్బరొట్టె కాల్చింది. నానబెట్టిన మినప్పప్పు రుబ్బి, కడిగిన నూక కలిపి, కాస్త జీలకర్ర, ఉప్పు వేసింది. మందపాటి ఇనప మూకుడులో నూనె వేడెక్కాక పిండి రెండంగుళాల మందాన పోసింది. మూత పెట్టి, పొయ్యిలో మంట లాగేసి, నిప్పులు కొన్ని కింద ఉంచి, కొన్ని మూత మీద పేర్చింది. పైనా నిప్పు, కిందా నిప్పు. నా ఓవెన్ చేసే పని అదే. థర్మామీటరు లేదు, గంట కొట్టే టైమరు లేదు. వాసన మారగానే నిప్పులు దించేసింది. చుట్టూ ఎర్రటి అంచు, లోపల మెత్తన. చెరుకు పానకం పోసి నా చేతికిచ్చి, "విరిగిన బియ్యం అన్నానికి పనికిరాదుగానీ రొట్టెకి ఇదే బాగుంటుంది. నాకింకా ఈ భూమ్మీద నూకలున్నాయిలెండి" అని నవ్వింది.

జనవరిలో ఆవిడ తన కూతురిని చూడ్డానికి వెళ్తూ ఏలూరు వచ్చింది. కూతురిది కొల్లేటి లంక. నేనూ తోడు వెళ్లాను. కైకలూరు బస్సులో ఒళ్లో గుడ్డ కట్టిన రొట్టె. దిబ్బరొట్టె చల్లారినా బాగుంటుంది, ప్రయాణానికి ఆగుతుంది. రోడ్డుకి అటూ ఇటూ చెరువు గట్లు, వాటి మీద గూడబాతులు. 1999లో అయిదో కాంటూరు వరకూ అభయారణ్యం అన్నారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ చెరువుల్లో కూలి చేసుకునే ఆడవాళ్ల ఊసు ఆ రోజుల్లో నేను రాసినవాటిలో కూడా లేదు, పక్షులే ఉన్నాయి.

కూతురి ఇంట్లో మట్టి పొయ్యి తుపానుకి కరిగిపోయింది. ఇటుకలు పేర్చి వండుతోంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, మా చేల మురుగు అన్నీ కొల్లేట్లోకే వస్తాయి. బయటికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు. ఆవిడ పొయ్యి చూసి, "మా చేలో నీళ్లెప్పుడు దిగుతాయా అని దేవుడికి మొక్కుకున్నాను. దిగి ఇక్కడికొచ్చాయన్నమాట" అంది. అది ఎవరిమీదా ఫిర్యాదు కాదు.

తర్వాతి సంగతి చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. 2024 మార్చిలో పంట నష్టం డబ్బు వచ్చింది. వచ్చింది నా ఖాతాలోకి. ఈ-క్రాప్‌లో ఉన్నది నా పేరు. దుక్కి దున్నించి, నారు పోసి, ఉప్పు కొట్టి, రోడ్డు మీద కాళ్లు పగిలేలా ధాన్యం తిరగేసిన మనిషి పేరు ఎక్కడా లేదు. ఎందుకు లేదంటే, కౌలు కార్డు కాగితం మీద నేను సంతకం పెట్టలేదు గనక. 2019 చట్టం ప్రకారం భూయజమాని సంతకం లేనిదే ఆ కార్డు రాదు. కార్డు పదకొండు నెలలకే. దానివల్ల భూమి మీద హక్కేమీ రాదని చట్టంలోనే ఉంది. అయినా మావాళ్లు "పేరెక్కితే పొలం పోతుంది" అన్నారు. నేను విన్నాను.

ఆ రెండెకరాలు నాకెలా వచ్చాయి? 1985లో మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి కొడుకులతో సమానంగా వాటా ఇచ్చారు. దేశమంతటికీ అది రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 1991లో పెళ్లయిన నాకు ఆ వాటా వర్తించింది. అన్నయ్యలతో మాటలు పడి, కొన్నేళ్లు రాకపోకలు పోగొట్టుకుని తీసుకున్నాను. "ఆడపిల్లకి పొలమెందుకు, పసుపు కుంకుమ ఇస్తాంగా" అన్నవాళ్లకి, కాగితం మీద పేరు ఎందుకు కావాలో గంటలకొద్దీ చెప్పాను. సభల్లోనూ చెప్పాను.

డబ్బు తీసి, వెళ్లి ఆవిడ చేతిలో పెట్టాను. మంచిపని చేశాననే అనుకున్నాను. ఆవిడ లెక్కపెట్టకుండా కొంగున ముడేసుకుంది. కాసేపాగి, "మీరు మంచోళ్లు కాబట్టి ఇచ్చారు. కానీ ఇది మీరిచ్చినట్టయింది అమ్మాయిగారూ, నాది నాకొచ్చినట్టు కాలేదు" అంది.

నా కేకుల డబ్బుని ఇంట్లో కాలక్షేపం అన్నప్పుడు నా గొంతులో అడ్డుపడేది సరిగ్గా ఇదే. నేనెప్పుడూ దాన్ని ఇంత చిన్నగా చెప్పలేకపోయాను.

ఆ జూన్‌లో సంతకం పెట్టాను. ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. పొలం ఎక్కడికీ పోలేదు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. ఈసారి చేను పచ్చిగా ఉండగానే పడిపోయింది. నాలుగు రోజుల తర్వాత ఆవిడ ఫోన్ చేసింది. నష్టం రాసుకోడానికి వచ్చినవాళ్లు రైతెవరని అడిగితే కార్డు చూపించిందట. "నా పేరే రాసుకున్నారు" అంది. ఎంతొస్తుందో, ఎప్పుడొస్తుందో అడగలేదు. పేరు సంగతి మాత్రం రెండుసార్లు చెప్పింది.

కార్డు పదకొండు నెలలదే. ఏటా ఆవిడ అడగాలి, నేను పెట్టాలి. ఆ తేడా ఇంకా అలాగే ఉంది. కనీసం వచ్చే జూన్‌లోనైనా ఆవిడ ఫోన్ చేయకముందే గూడెం బస్సెక్కాలని అనుకుంటున్నాను.