గుడిమల్లం వేటగాడు మనవాడేనా?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

తిరుచానూరులో గదులు తీసుకుని చదువుకుంటున్న మేము యానాదులం, ఎరుకలం, సుగాలీలం కలిసే ఉంటాం. వారం రోజులుగా మా మధ్య ఒకటే వాదన. ఈసారి కరపత్రం మీద గుడిమల్లం శివుడి ఫోటో వేసి, కింద 'మన పూర్వీకుడు' అని రాయాలా వద్దా అని.

చూడనివాళ్ల కోసం చెప్తాం. మన తిరుచానూరు పక్కన పారే స్వర్ణముఖి ఒడ్డునే, రేణిగుంట దాటి పాపానాయుడుపేట మీదుగా పోతే గుడిమల్లం. అక్కడి పరశురామేశ్వరుడి గుడిలో సుమారు 5 అడుగుల లింగం ఉంది. దాని ముందువైపు నిలబడిన మనిషి రూపం చెక్కారు. కుడిచేత్తో పొట్టేలుని వెనక కాళ్లు పట్టుకుని వేలాడదీశాడు. ఎడమచేతిలో చిన్న కుండ, భుజం మీద గొడ్డలి. ఒంటి మీద జంధ్యం లేదు. ఇది క్రీస్తుకు ముందు 1వ, 2వ శతాబ్దాల నాటిదని చాలామంది పండితులు చెప్తారు, ఇంకా తర్వాతిదనే వాళ్లూ ఉన్నారు. 1973లో పురావస్తు శాఖ తవ్వినప్పుడు పాత ఇటుకల గుడి ఆనవాళ్లు బయటపడ్డాయి. అంతకుముందు లింగాన్ని ఆరుబయటే కొలిచేవాళ్లని తవ్వినవాళ్ల అభిప్రాయం.

గొడ్డలి, జంతువు, ఆరుబయట పూజ. ఇంకేం కావాలి, మనవాడే అన్నారు సగం మంది. అదే ఏటి దిగువన కాళహస్తిలో మాంసం నైవేద్యం పెట్టిన వేటగాడు తిన్నడి కథ ఉండనే ఉంది కదా అన్నారు.

మాలో చరిత్ర చదివే అక్క ఒకామె అప్పుడు రోము సంగతి చెప్పింది. 1506లో అక్కడ ఒక ద్రాక్షతోటలో పాలరాతి శిల్పం దొరికింది. పేరు లావకూన్. ట్రాయ్ కథలోని పూజారి, ఇద్దరు కొడుకులు, వాళ్లని చుట్టేసిన పాములు. పూజారి కుడిచెయ్యి లేదు. మన దగ్గర విగ్రహం భిన్నమైతే పూజకు పనికిరాదంటారు. అక్కడి పెద్దలకేమో విరిగిన బొమ్మ చూడ్డానికి వెలితి. అందుకే పైకి చాచిన కొత్త చెయ్యి చేయించి అతికించారు. వీరుడిలా గొప్పగా ఉంది. నాలుగు వందల ఏళ్లు జనం అదే నిజమనుకున్నారు. 20వ శతాబ్దం మొదట్లో ఒక పురావస్తు పండితుడికి రోములోనే పాత పాలరాతి చెయ్యి దొరికింది. అది చాచినది కాదు, నొప్పితో తల వెనక్కి మడిచినది. 1950ల చివర్లో కొత్త చెయ్యి తీసేసి పాతది పెట్టారు.

అందరం కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎరుకల తమ్ముడు ఒకడు అన్నాడు: "మనకీ అట్లే అతికించినారు కదన్నా." నిజమే. బ్రిటిష్ వాళ్ల చట్టం ఎరుకలవాళ్లని పుట్టుకతోనే నేరస్తులన్నది. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర చట్టప్రకారం పోయింది. జనం నోట్లో నుంచి మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. మనది కానిదాన్ని మనకి అతికిస్తే ఎంత కాలం మోయాలో మనకంటే బాగా ఎవరికి తెలుసు? అది తిట్టయినా, పొగడ్తయినా.

కాబట్టి కరపత్రం మీద ఫోటో ఉంటుంది. కింద ఇంతే రాస్తున్నాం: 'గుడిమల్లం శివుడు. చేతిలో పొట్టేలు, భుజాన గొడ్డలి. చెక్కినవాళ్ల పేరు తెలీదు.' ఇది తక్కువ మాటేం కాదు. మన ఏటి ఒడ్డున రెండు వేల ఏళ్లనాడు దేవుణ్ణి ఇట్లా ఊహించుకున్న జనం ఉన్నారని చెప్పడానికి అబద్ధం అక్కర్లేదు.

మీకొక పని. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మీ అవ్వ, తాతల పాటలు, ఆకులు వేళ్ల పేర్లు, దేవరల పేర్లు ఫోన్లో రికార్డు చేయండి. అవ్వ మరిచిపోయిన చరణం ఉంటే మీరు కట్టి పెట్టొద్దు, ఖాళీ వదలండి. ఆ చరణం ఇంకో ఊళ్లో ఇంకో అవ్వ దగ్గర ఉండొచ్చు. రికార్డులు గ్రూపులో పెట్టేటప్పుడు ఊరి పేరు తప్పకుండా రాయండి.