మన పింఛను పైసలు ఎక్కడున్నయో చూసుకున్న ఆదివారం

పోస్టు పొడుగైంది, ఓపికగా చదవండి. ముఖ్యంగా 2004 తర్వాత సర్కారు కొలువులో చేరినవాళ్లు.

మొన్న ఆదివారం కోఠారిలో మా ముగ్గురిలో ఒకడి ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ముగ్గురమూ 1978లో పుట్టినవాళ్లం. 2006లో రైల్వేలో చేరాం, డ్యూటీ బల్లార్షాలో. కూర్చున్నది మేనకోడలి పెళ్లి ఖర్చు లెక్కకు. కానీ మాట పింఛను మీదికి మళ్లింది. యూపీఎస్‌లోకి మారడానికి గడువు 2025 నవంబర్ 30గా ఉండేది. మొదట జూన్ 30 అన్నారు, తర్వాత సెప్టెంబర్ 30 అన్నారు, చివరికి ఇది. గడువు పెరిగిన ప్రతిసారీ మేమూ "రేపు చూద్దాంలే" అనుకున్నవాళ్లమే.

లోపలి నుంచి వదిన టీ తెచ్చి ఒక్క మాట అడిగింది. "ఇన్నేండ్ల సంది నెల నెలా కోస్తున్నరు గదా, ఆ పైసలు ఏడున్నయి?" ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కోత ఎంతో తెలుసు: బేసిక్, డీఏ కలిపి పది శాతం. సర్కారు వేసేది 2019 ఏప్రిల్ నుంచి పద్నాలుగు శాతం అనీ తెలుసు. అవి ఎక్కడికి పోతున్నాయో మాత్రం చెప్పలేకపోయాం. ఎరువుల కొట్టులో ఉద్దెర బాకీ పైసలతో సహా చెప్పగలం, ఇది చెప్పలేం. సిగ్గేసింది.

ఫోన్లు తీసి, ప్రాన్ నంబర్లు వెతికి, స్టేట్‌మెంట్లు తెరిచాం. ఒకే ఏడు పుట్టి, ఒకే ఏడు చేరిన ముగ్గురి పైసలు మూడు చోట్ల ఉన్నాయి.

మాలో ఒకడు ఏనాడూ ఏదీ ముట్టలేదు. అలాంటివాళ్ల డబ్బును ఎస్‌బీఐ, యూటీఐ, ఎల్‌ఐసీ పింఛను ఫండ్లు మూడూ పంచుకుని చూస్తాయి. అందులో షేర్లు పదిహేను శాతం దాటకూడదన్న నియమం ఉండేది. మిగతాది ఎక్కువగా ప్రభుత్వ బాండ్లు, కంపెనీల అప్పు పత్రాలు.

రెండోవాడు మాలో చురుకైనవాడు. 2019లో కేంద్ర ఉద్యోగులకు ఎంపిక ఇవ్వగానే ఎల్‌సీ-50 పెట్టుకున్నాడు. 35 ఏళ్ల దాకా సగం డబ్బు షేర్లలో, ఆ తర్వాత ఏడాదికి రెండు శాతం చొప్పున తగ్గుతూ 55 నాటికి పది శాతానికి వస్తుంది. అంతలో కరోనా వచ్చింది. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 3,935 పాయింట్లు పడింది, దాదాపు 13 శాతం. వాడు ఆ వారంలోనే మొత్తం ప్రభుత్వ బాండ్లే ఉండే ఎంపికకు మార్చుకున్నాడు. 26 వేల దిగువకు పోయిన సూచీ ఆ ఏడాది చివరికి 47 వేలు దాటింది. వాడు మళ్లీ దాని మొహం చూడలేదు. ఈ అయిదున్నరేళ్లలో పడిన వాయిదాలన్నీ బాండ్లలోకే వెళ్లాయి. "భయపడ్డ, నిజమే. అప్పుడు మా నాయిన దవాఖానల ఉండె" అన్నాడు. ఇంకేమంటాం? ఆ వారం మేమెవరం ధైర్యంగా ఉన్నామని?

మూడోవాడి కథ వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 2023లో ఎవరో చెప్పారని "పైసలు పెరుగుతయి" అనుకుని ఎల్‌సీ-25కు మారాడు. పేరులో 25 ఉంది కదా, మామూలు పదిహేను కన్నా ఎక్కువే అనుకున్నాడు. కానీ ఆ పాతిక 35 ఏళ్లవాడికి. తర్వాత ఏడాదికో శాతం తగ్గుతుంది. 45 ఏళ్లకు సరిగ్గా పదిహేను, 47కు పదమూడు, 55కు అయిదు. అంటే పెంచుకుందామని మారిన మనిషికి ముట్టుకోని మనిషికి ఉండగలిగిన షేర్ల కన్నా తక్కువే ఉన్నాయి. ఎల్‌సీ-50లోనూ 53వ ఏట పద్నాలుగుకు దిగుతుంది. పేరు పక్కన అంకె చూసి ఎంచుకునేవాళ్లు ముందు తమ వయసు చూసుకోవాలని మాకు ఆ అరుగు మీదే తెలిసింది. 2025 అక్టోబర్‌లో ఎల్‌సీ-75, బీఎల్‌సీ కూడా కేంద్ర ఉద్యోగులకు తెరిచారు. బీఎల్‌సీలో 45 దాకా సగం అలాగే ఉండి ఆ తర్వాతే తగ్గుతుంది. మా వయసువాళ్లకు ఆ తేడా చిన్నది కాదు.

అసలు చర్చ అక్కడ మొదలైంది. యూపీఎస్‌కు పోతే పాతికేళ్ల సర్వీసుకు చివరి పన్నెండు నెలల బేసిక్ సగటులో సగం పింఛను, పైన డీఏ, మన తర్వాత భార్యకు అందులో అరవై శాతం. ఎన్‌పీఎస్‌లో ఉంటే అరవయ్యో ఏట కనీసం నలభై శాతంతో యాన్యుటీ కొనాలి, దానికి డీఏ ఉండదు. మిగతాది చేతికొస్తుంది. చాలామంది గమనించనిది ఇంకొకటి. యూపీఎస్‌లో ఉండి పెట్టుబడి మనమే ఎంచుకుంటే, మన ఖాతా సర్కారు లెక్కగట్టే ప్రామాణిక మొత్తం కన్నా తగ్గిన మేర పింఛనూ తగ్గుతుంది. పూడ్చుకోవాలంటే మన జేబులోంచే.

చీకటి పడే దాకా వాదించుకున్నాం. బాండ్ల వాడు యూపీఎస్ అన్నాడు. వాళ్ల నాయిన బొగ్గు గని పింఛను ఎన్నేళ్లయినా పెరగక, మందులకు చాలక పడ్డ బాధ వాడు కళ్లారా చూశాడు. డీఏ అన్న రెండక్షరాలకు వాడు పడిపోయాడని మిగతా ఇద్దరం ఎగతాళి చేశాం గానీ, ఇంటికి పోయేటప్పుడు వాడి మాటే మమ్మల్ని పట్టుకుంది. మూడోవాడు ఎన్‌పీఎస్‌లోనే ఉండి ఎంపిక మారుస్తానన్నాడు. ఏడాదికి రెండుసార్లు మార్చుకోవచ్చు కాబట్టి తొందరేం లేదని మేమే ఆపాం. ముందు ఇంట్లో చెప్పమన్నాం.

జిల్లా పరిషత్ టీచర్లు, రాష్ట్ర ఉద్యోగులు గమనించాలి: పైన రాసింది కేంద్ర ఉద్యోగుల సంగతి. 2005 నవంబర్ 1 తర్వాత చేరిన మహారాష్ట్ర ఉద్యోగులకు రాష్ట్ర ఉత్తర్వులే వర్తిస్తాయి, మీ ఆఫీసులో అడగండి. 2023 మార్చిలో పాత పింఛను కోసం సమ్మెలో కూర్చున్న మన టీచరు అన్నలకు ఇది మేం చెప్పాలా అనుకోకండి. ఆ సమ్మెకు పోయినవాళ్లలో స్టేట్‌మెంట్ తెరిచి చూసినవాళ్లు ఎందరో చేతులెత్తండి.

వచ్చే ఆదివారం సాయంత్రం అదే అరుగు. ప్రాన్ నంబరు, ఆధార్‌కు కలిపిన ఫోను తెచ్చుకోండి, ఇంటావిడను కూడా తీసుకురండి. నామినీ పేరు కూడా చూద్దాం. మా ముట్టుకోని వాడి ఖాతాలో నామినీగా ఇంకా వాళ్ల అమ్మ పేరే ఉంది. ఆమె పోయి ఆరేళ్లయింది. మారుద్దామంటే ఓటీపీ పాత సిమ్‌కు పోతోంది.