సకినాలు చుట్టే వేలు

మాది మెదక్ టౌను. డాబా ఎక్కితే చర్చి గోపురం కనబడుతుంది. పోయిన శ్రావణంలో ఒక పొద్దున లేచి చూస్తే కుడిచేతి ఉంగరం వేలు ముడుచుకుని ఉంది, తెరవరాదు. ఎడమచేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంది. ప్రాణం పోయినంత నొప్పి! నూనె రాసి, వేడినీళ్లలో పెట్టి ఊరుకున్నాను. ఇంట్లో చెబితే పని తప్పించుకోవడానికంటారని నా భయం. పక్కింటామె చెప్పిందని వేళ్లు సరిచేసే ఒకాయన దగ్గరికి పోయాను. ఆయన గుంజిన గుంజుడుకు వారం రోజులు వేలు వాచింది.

నా దిగులల్లా సంక్రాంతి గురించే. అమ్మాయి పెళ్లయ్యాక మొదటి పండుగ. అత్తవారింటికి సకినాలు పంపాలి. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, బట్ట మీద వేళ్లతో మెలితిప్పుతూ చుట్టాలి కదా, ఆ వేలే మొరాయిస్తే ఎట్లా? "కొని పంపుదాం" అన్నారు మావారు. కొన్న సకినాలు పంపే ఇల్లు కాదండీ మాది!

చివరకు హైదరాబాదులో చేతి ఆపరేషన్లు చేసే డాక్టరమ్మకు చూపించాం. దీన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటారట. వేలిని ముడిచే తాడు వంటి టెండన్ అరచేతి దగ్గర సన్నని గొట్టంలోంచి పోతుంది, లంగా నేఫాలో బొందు లాగా. గొట్టం మందమై ఇరుకైతే, ముడిపడ్డ బొందులా అక్కడే ఇరుక్కుంటుంది. షుగరున్న వాళ్లకు ఎక్కువట. నాకు ఆరేళ్లుగా ఉంది. దసరాకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. కార్తీకంలో మళ్లీ మొదటికొచ్చింది.

ఇక కోతేనని గుండె జారింది. కోయకుండా సూదితోనే ఆ ఇరుకును తెంపవచ్చన్నారామె. 1958లోనే లోర్తియార్ అనే డాక్టరు చర్మం తెరవకుండా సన్నటి కత్తితో చేశారట. తరువాత ఇంజెక్షను సూదితోనే చేయడం మొదలైంది. బొటనవేలికి, చూపుడు వేలికి మాత్రం నరాలు మరీ దగ్గరగా ఉంటాయని కొందరు డాక్టర్లు సూదికి ఒప్పుకోరట.

అరచేతికి మత్తు సూది, అంతే. నేను మెలకువగానే ఉన్నాను. "వేలు ముడవమ్మా, తెరవమ్మా" అంటూ సూది కదిలిస్తుంటే లోపల గరగరమన్నది. పది నిమిషాలైందో లేదో, వేలు టక్కుమనకుండా తెరుచుకుంది. కుట్లు లేవు. చిన్న పట్టీ వేసి, వేళ్లు ఆడిస్తూ ఉండమన్నారు. (ముందే తెలిస్తే ఆ గుంజుడాయన దగ్గరికి పోదునా!) అరచేతిలో సలుపు మాత్రం మూడు వారాలుంది.

సంక్రాంతికి నాలుగు కిలోల పిండి చుట్టాను. మొదటి పది వంకరటింకరగా వచ్చాయి. అవి మాకే ఉంచుకున్నాం.