తెరయా, చాపయా?

మాది కల్వకుర్తి. ఊరిచుట్టును ఎఱ్ఱచెలకలు, ప్రత్తిచేలు, వానను నమ్ముకొన్న చెఱువులు. కృష్ణానది మాకు దూరమున, కొల్లాపురము దాటినపిదప, సోమశిలవద్ద నున్నది. ఆ నీటిని ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అను మూడు మెట్లలో నెత్తి చేలకు దెచ్చు పథకమునకు మా యూరి పేరు పెట్టిరి. నీరు మాయొద్దకు మెట్లెక్కి వచ్చునేగాని మేము నీటిపై పడవలో పోవువారము కాము. ఇట్టి యూర పుట్టి, ముప్పదియేండ్లు బడిపిల్లలకు లెక్కలు చెప్పినదానను, తెరచాపను గూర్చి వ్రాయబూనుట చూచి చదువరులు నవ్విన నవ్వవచ్చును. అయితే తెరచాప యనగా నొక గుడ్డ. గుడ్డను మడతపెట్టు పని మన యిండ్లలో నెవరి పాలబడినదో నేను చెప్పనక్కఱలేదు.

మా పెద్దమ్మాయి హైదరాబాదులో చదువుకొను దినములలో హుస్సేన్‌సాగరముపై తెరచాప పడవ నడుపుట నేర్చుకొన నారంభించెను. ఆమె నేర్చుకొన్నది లేజర్ అను చిన్న పడవపై. దానికి చాపను దించుట యనునది లేదు. చాప యంచు గొట్టమువలె కుట్టబడి కొయ్యకు తొడుగబడి యుండును. ఆట ముగిసినపిదప కొయ్యనే యూడదీసి, చాపను దానికి చుట్టి, మోసికొని పోవుదురు. ఈ సంగతి ఆమె యెంతో యుత్సాహముతో చెప్పుచుండగా నేనడిగిన ప్రశ్న వేఱు: "ఎండలో నెంతసేపుందువు, బిడ్డా?" అవి పెండ్లిచూపుల దినములు. నాలుగు నెలలకే మాన్పించితిని. స్త్రీవిద్యను గూర్చి సభలలో రెండు మూడు మారులు మాటాడినదానను. ఆ మాటలకును ఈ పనికిని పొత్తు కుదురలేదని అప్పుడు నాకు తోచలేదు.

ఇప్పు డామె అమెరికాలో మేరీలాండు రాష్ట్రమున, అన్నాపోలిస్ పట్టణమునకు దగ్గఱ కాపురమున్నది. ఆ పట్టణము చీసపీక్ అఖాతపు టొడ్డున గలదు. అఖాతము పొడవు 200 మైళ్లు. సగటు లోతు మాత్రము 21 అడుగులే. లోతు తక్కువగుటచే గాలి లేచినంతనే పొట్టివియు నిటారువియునగు కెరటములు లేచును. వేసవి మధ్యాహ్నములందు ఉరుములతో గాలివాన హఠాత్తుగా వచ్చి పడుట అచ్చట సామాన్యము. 2019లో అల్లుడును అమ్మాయియు గలిసి 22 అడుగుల పాతపడవ నొకదానిని కొనిరి. ఆ వేసవి నేను వారియొద్దకు బోవుసరికి ఇంటిలో నొకటే చర్చ. పెద్దచాపను ఎత్తుట, కురుచచేయుట, దించి భద్రపఱచుట అను మూడు పనులకు గల పాత సరంజామా యరిగిపోయినది; క్రొత్తది యెట్టిది పెట్టవలెను?

పడవ నెఱుగనివారి కొఱకు ఒక్కమాట. నడుమ నిలువుకొయ్య. దాని మొదట మనిషి నడుమెత్తున తగిలింపబడి వెనుకకు సాగియుండునది అడ్డకొయ్య. ఈ రెంటి మూలలో మూడుమూలల గుడ్డ. దానిని పైకి లాగునది ఎత్తుత్రాడు. చాప దిగియున్నప్పుడు అడ్డకొయ్య తలలపై పడకుండ కొయ్యతుదనుండి వ్రేలాడు మఱొక త్రాడు దానిని పట్టియుంచును. గాలి హెచ్చినప్పుడు గుడ్డ తగ్గింపవలెను. ఎందుకన, గాలివేగము రెట్టింపైనచో చాపపై నొత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలగును. గంటకు 10 మైళ్ల గాలి 30 మైళ్లదైనచో తొమ్మిదింతలు. ఈ లెక్క నేను బడిలో బల్లపై వేసినదే. ఒడిలో మనుమరాలిని పెట్టుకొని పడవలో కూర్చున్నప్పుడు అది వేఱువిధముగా దెలియును.

మన భాషలో నీ వస్తువునకు తెరచాప యని పేరు. తెర యొకటి, చాప యొకటి, రెండును ఇంటివస్తువులే. చాపను చుట్టి మూలకు నిలబెట్టుదుము. తెరను మడతలు పడునట్లు ప్రోగుచేయుదుము. నేటివఱకు లోకము కనిపెట్టిన పద్ధతులన్నియు ఈ రెండు మాటలలో నిమిడియున్నవి.

అల్లుడు చాపపక్షము. "అత్తమ్మా, కొయ్యలోపలనే చాప చుట్టుకొనిపోవు పరికరము గలదు. ఒక త్రాడు లాగిన వెలికివచ్చును, మఱొకటి లాగిన లోనికి బోవును. ఎంత కావలెనన్న నంతయే విప్పుకొనవచ్చును. ఆమె కూర్చున్నచోటినుండి లేవనక్కఱలేదు" అనెను. నాకు వెంటనే నచ్చినది. కూఁతురు ఊగు పడవపై కొయ్యదగ్గఱకు పోయి నిలుచుట తలచుకొన్ననే నాకు గుండె దడ. అమ్మాయి యేమియు ననలేదు. ఆమె నడిపించు పడవకు ఆమె చేతిపనిని గూర్చి మే మిద్దఱము నిశ్చయించుచుంటిమి. మా యిద్దఱిదియు ప్రేమయే. మన యిండ్లలో నాడువారి చేతులను కట్టివేసిన త్రాళ్లలో నెక్కువపాలు ఇట్టివే.

అటువంటి పరికరము గల కొంచెము పెద్దపడవ నొకదానిని ఒక దినమునకు అద్దెకు దీసికొని చూతమని జూలైలో బయలుదేఱితిమి. ఉదయ మంతయు ఆ పరికరము చక్కగా పనిచేసినది. అపరాహ్ణము పడమటి దెస నల్లబడెను. అల్లుడు చాపను లోనికి లాగుచుండగా సగము పోయి నిలిచిపోయెను. బలముకొలది గిలకకు త్రాడు చుట్టి లాగెను; మఱింత బిగిసెను. కొయ్య చీలికలో గుడ్డ రెండు మూడు పొరలు ముడుతపడి యిఱుకుకొనియున్నది. లోపలికి పోదు, బయటికి రాదు. చుట్టుకొనియున్నది గనుక క్రిందికి దింపుటకును వీలులేదు. అంతలో గాలి వచ్చిపడెను. పడవ ప్రక్కకొరిగినది. లోపలి గదిలో గిన్నెలు దొర్లిన చప్పుడు, వాని వెనుక మనుమరాలి కేక.

అమ్మాయి భర్తను చుక్కానికి పిలిచి, యంత్రము నడుపుచు ముక్కు గాలికి ఎదురుగా నుంచుమని చెప్పి, తాను త్రాడు పట్టెను. ఆమె లాగలేదు, వదలెను. చాపను బారెడు బయటికి రానిచ్చి, అడ్డకొయ్య యెత్తు కొంచెము సవరించి, వెనుకత్రాటిని కొంత బిగువుగా నుంచుచు మెల్లగా చుట్టించెను. మూడవ ప్రయత్నమున చాప లోనికి బోయెను. పదునైదు నిమిషములు పట్టియుండును. ఆ పదునైదు నిమిషములును నేను మనుమరాలి తలను రొమ్మున నదుముకొని, హుస్సేన్‌సాగరమున నాలుగు నెలల చదువు మాన్పించిన సంగతిని తలచుచుంటిని.

పరికరమును నిందించుట న్యాయము కాదు. క్రొత్తగుడ్డయై, అడ్డకొయ్య తగిన యెత్తున నుండి, ప్రతిమారును బిగువుగా చుట్టినచో నది సంవత్సరముల తరబడి పనిచేయును. పెద్దపడవలపై వృద్ధదంపతులకు గొప్ప యుపకారి. ఆ పడవ చాప ముసలిది, సాగి జోలెవలె నైనది. అంతకు ముందెవరో వదులుగా చుట్టి యుండిరి. కాని దాని గుణ మొకటి నాకు తెలిసెను: తప్పు జరిగినప్పు డది తప్పును దాచును. ముడి యెక్కడ పడినదో కన్నులకు గానరాదు. పైగా అంచును నిటారుగా నిలుపు అడ్డబద్దలు చుట్టుకొనుటకు లొంగవు గనుక గుడ్డను లోతుగా కోసి చిన్నది చేయవలెను. బరువును కొయ్యపైభాగమున చేరును. 22 అడుగుల పడవ కిది చిన్న లోపము కాదు. అడ్డకొయ్యలోనికి చుట్టుకొనునది మఱొకటి కలదు. అది యిఱుకుకొన్నను చాపను దింపుకొనవచ్చుననుట నిజమే. దాని వెల మాత్రము మేము పాతపడవకిచ్చిన సొమ్మును మించుచుండెను.

అమ్మాయి తెరపక్షము. కొయ్యనుండి అడ్డకొయ్యకు ఇరుప్రక్కల త్రాళ్లు జోలెవలె వ్రేలాడును. ఎత్తుత్రాడు వదలినంతనే చాప వానినడుమ మడతలుగా దిగి కూర్చుండును. ఆంగ్లేయభాషలో వీనికి సోమరితనము ధ్వనించు పేరు. నేను ఊయలత్రాళ్లంటిని. ఆ అఖాతమున ఇది క్రొత్తవిద్య కాదు. 1865లో మేరీలాండు ప్రభుత్వము ఆల్చిప్పలను వలతో నీడ్చి పట్టుటకు తెరచాప పడవలకే యనుమతి నిచ్చెను. దానివలన 19వ శతాబ్దము చివర స్కిప్‌జాక్ అను పడవలు వెలసినవి. వాని పెద్దచాప మిక్కిలి పెద్దది, నావికులు కొద్దిమంది. ఊయలత్రాళ్లు లేనిదే వారికి పని జరుగదు. 1985లో ఆ పడవను రాష్ట్రమునకు గుర్తుగా చేసికొనిరి. ఒకటి రేవున నుండగా మనుమరాలితో గూడ పోయి చూచితిని.

గాలి హెచ్చినప్పుడు కురుచచేయు పద్ధతియు సులభమే. చాపకు అడుగునుండి కొంతయెత్తున ఇరుచివరలను లోహపు కన్నములుండును. ఎత్తుత్రాటిని కొంత వదలి, ముందరి కన్నమును కొక్కెమునకు తగిలించి, వెనుకటిదానిని వేఱొక త్రాటితో క్రిందికి బిగించి, మఱల నెత్తుత్రాటిని లాగినచో నొక మెట్టు కురుచయగును. పెరుగుచున్న పిల్ల పరికిణీకి నడుమ మడత కుట్టినట్లే.

"ఇందుకు బలము కావలెను" అని అల్లుడు సందేహించెను. అమ్మాయి నవ్వి తారిణి కథ యెత్తెను. మన నౌకాదళమునకు జెందిన ఆఱుగురు స్త్రీలు 17 మీటర్ల ఆ తెరచాప పడవపై 2017 సెప్టెంబరు 10న గోవా వదలి, భూమిని చుట్టి, 2018 మే 21న తిరిగివచ్చిరి. వారిలో బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదు బిడ్డ, పి. స్వాతి విశాఖపట్టణము బిడ్డ. అల్లు డూరకుండెను. అయితే అమ్మాయియే మరల, "వారు శిక్షణ పొందిన నావికులు. మన కొలత వేఱు. ఇంటిలో నెవరు దుర్బలులో వా రొంటరిగా చాపను దింపగలుగవలెను. నేను నీట బడితిననుకొనుడు, మిగిలినవారు పడవను నిలుపవలెను గదా" అనెను.

దుర్బలురాలను నేనే. ఊయలత్రాళ్లు కట్టినపిదప, గాలి చల్లగా నున్న యొకనాడు, కట్టివేసిన పడవలో నన్ను పరీక్షించిరి. మొదటిమారు నేను విప్పినది ఎత్తుత్రాడు కాదు, అడ్డకొయ్యను పట్టియుంచు త్రాడు. చాప యింకను కొయ్యను మోయుచుండుటచే అది జానెడుమాత్రమే క్రుంగినది. చాప దిగియున్నచో నా ప్రక్కనున్న మనుమరాలి తలపై పడియుండును. రెండు త్రాళ్లును తెల్లనివే, రెండును ప్రక్కప్రక్కనే! ఎంతటి వస్తువు కొన్నను, ఏది యేదో చీకటిలో తెలియనిచో నేమి లాభము? ఎత్తుత్రాటి కొసకు ఎఱ్ఱదారము దట్టముగా చుట్టితిని. రెండవదానిని అవతలిప్రక్కకు మార్పించితిని.

ఇంకొక చిక్కు మిగిలెను. త్రాళ్లను కూర్చున్నచోటికి తెచ్చినచో అవి కప్పీలచుట్టు తిరుగుటచే ఒరయిక హెచ్చి, వదలినను చాప తనంత దిగదు. అందుకై చాపతలకు సన్నని త్రాడు కట్టి క్రిందినుండి లాగునట్లు చేసిరి. ఎత్తునప్పుడు బద్దల కొసలు ఊయలత్రాళ్లకు తగులుకొనును. అప్పుడు వానిని కొయ్యయొద్దకు జరిపి కట్టుకొనవలెను. ఈ పద్ధతికి నిత్యము కొంత చాకిరి తప్పదు. చాకిరి యంతయు కన్నులయెదుట జరుగును, అంతే. రెండవ పరీక్షలో నేను చాపను దింపితిని. 66 ఏండ్ల వయసున నా చేతి కిది యసాధ్యము కాలేదు.

దింపిన గుడ్డను ఎండకు విడువరాదు; చాపల పాలియెస్టరు నూలు ఎండకు క్రమముగా శిథిలమగును. పైన వేయు ముసుగును అచ్చటనే కుట్టించిరి. మడతలను అడ్డకొయ్యకు బిగించు పట్టీలు ఐదు మాత్రము నేను కల్వకుర్తికి వచ్చి, నా కుట్టుమిషనుపై కుట్టి పంపితిని. సెప్టెంబరు చివర అమ్మాయి వ్రాసినది: "అమ్మా, నిన్న ఒంటరిగా పోయితిని. గాలి 18 మైళ్లు. ఒక మెట్టు కురుచచేసి, సాయంకాలము నేనే దింపి కట్టితిని. ఐదవ పట్టీ జానెడు పొట్టిదైనది. ఈసారి కొలిచి కుట్టుము."

కొలత నాదే. మఱల కుట్టుచున్నాను.