సియాటిల్ నగరమున బంతియాట ఋతువు

అమెరికా దేశమునకు వాయవ్యదిశను, వాషింగ్టను రాష్ట్రమున, సియాటిల్ అను నగరమొకటి కలదు. పడమట సముద్రపుపాయ, తూర్పున గొప్ప సరస్సు, దక్షిణమున మంచు తలపాగ చుట్టుకొన్న రెయినీరు పర్వతము, నడుమ నెత్తుపల్లముల వీథులు. దాని పొరుగూళ్ళయిన రెడ్మండు, బెల్‌వ్యూ, సమామిషులయందు మన తెలుగు కుటుంబములు పెక్కు కాపురములు చేయుచున్నవి. గోంగూర దొరకును, ములగకాడలు దొరకును. 2025వ సంవత్సరమున మా చెల్లెలి పురిటికై మేమచ్చటికి బోయి యేప్రిలు కడపటినుండి యక్టోబరు వఱకు నుంటిమి. మా యింటివారు బడి విడిచి రాజాలకపోయిరి. ఆ దేశపు కొండలను గుఱించియు జలపాతములను గుఱించియు మీరిదివఱకే చదివియుందురు. కావున నా యూరివారు సంవత్సరమున నాఱునెలలు గుండెలలో మోయుచుండు నొక యాటను గుఱించి వ్రాయ దలచితిమి.

ఆ యాట పేరు బేస్‌బాల్. క్రికెట్టు మరగిన మన పిల్లలు దీనిని జూచి నవ్వుదురు గాని, చిన్ననాడు బిళ్ళంగోడు చూచినవారి కిది సులభముగనే బోధపడును. ఒకడు బంతి విసరును, ఒకడు గుండ్రని కఱ్ఱతో గొట్టును. కొట్టినవాడు మూడు మజిలీలు చుట్టి తాను బయలుదేరిన చోటికే రావలెను. ఆ చోటికి వారు ‘హోమ్’ అనియే, అనగా ఇల్లనియే, పేరిడిరి. ఇల్లు వెడలినవాడు మరల నిల్లు చేరిననే యొక పరుగు. మూడవ మజిలీ వఱకు వచ్చి నిలిచిపోయిన వానికి ఫలము సున్న. ముగ్గురు ఔటయినచో నెదిరిపక్షమువారి వంతు. ఇట్టి వంతులు తొమ్మిది. అప్పటికిని సమానముగ నున్నచో గెలుపు తేలువఱకు నాడవలసినదే గాని యింతసేపని గడువు లేదు. కొట్టిన బంతి కంచె దాటి ప్రేక్షకుల నడుమ బడినచో దానిని హోమ్ రన్ అందురు. ఆ మాట వినబడినంతనే మా మఱదిగారు పసిబిడ్డ నిదురించుచున్న సంగతి మఱచి కేకవేయుటయు, మా చెల్లెలు కసరుటయు నా వేసవియందు మాకు నిత్యకృత్యములు.

మార్చి కడపటినుండి సెప్టెంబరు కడపటి వఱకు నొక్కొక్క జట్టు 162 ఆటలాడవలెను. ఇది పెండ్లివంటి వేడుక గాదు, వంటవంటిది. నిన్న మాడినను, నిన్న మెప్పు వచ్చినను, నేడు మరల పొయ్యి ముట్టింపవలసినదే. ముప్పది జట్లలో పండ్రెండు మాత్రమే ప్లేఆఫ్స్ అను కడపటి పోటీలకు బోవును. అందును గెలిచి, అమెరికను లీగు, నేషనల్ లీగు అను రెండు విభాగములలో నగ్రస్థానము నందిన రెండు జట్లు వరల్డ్ సిరీస్ ఆడును.

సియాటిల్ జట్టు పేరు మెరీనర్స్, అనగా నావికులు. 1977లో బుట్టినది. ముప్పది జట్లలో, 2025 ముగియునాటికి, వరల్డ్ సిరీస్ ముఖమెన్నడును జూడనిది యిదియొక్కటియే. 2001లో 116 ఆటలు గెలిచి, 1906 నాటి చికాగో కబ్స్ వారితో సమానమైన కీర్తి గడించియు, కడపటి పోటీలలో న్యూయార్కు యాంకీల చేతిలో నోడెను. తరువాత 2021 వఱకు ప్లేఆఫ్స్ గడపయే తొక్కలేదు. 2022లో తొక్కి, హ్యూస్టను జట్టుతో సొంత మైదానమున పదునెనిమిది వంతులాడి, ఒక్క పరుగైన జేయలేక యోడెను. కురుక్షేత్రము పదునెనిమిది దినములు సాగినను పాండవులకు రాజ్యమైన దక్కెను. వీరి కదియును లేదు. 2023లో నొక్క యాట తక్కువయి ప్లేఆఫ్స్ తప్పెను. 2024లో జూనునెలయందు పది యాటల ముందంజలో నుండి, దాని నంతయు నొక నెలలో బోగొట్టుకొని, మరల నొక్క యాట తక్కువయ్యెను. ఇట్టి జట్టును బ్రేమించుట యెట్లో నేర్చుకొనవలెనన్న మా చెల్లెలి పొరుగింటి యవ్వను జూడవలెను.

ఆమెకు ఎనుబది యేండ్లు. భర్త గతించి చాలకాలమైనది. ఆ దంపతులు 1977 మొదలు ప్రతి యాటయు రేడియోలో వినుచో, టెలివిజనులో జూచుచో, గళ్ళపుస్తకమున లెక్క వ్రాసెడివారు. ఏటికొక్కటి చొప్పున 48 పుస్తకములు వారి బీరువాలో వరుసగా నుండగా మేము చూచితిమి. 49వది యామె చేతిలో నుండెను. ఆ లెక్కకొక భాష కలదు. ఆటగాండ్ర స్థానములకు 1 మొదలు 9 వఱకు నంకెలు. మూడు బంతులు తప్పి యౌటయినవానికి ‘కే’ యను నక్షరము. కఱ్ఱ కదల్పకయే యౌటయినచో ఆ యక్షరమే తలక్రిందుగా గాక యెడమవైపునకు ద్రిప్పి వ్రాయుదురు. ఆ పుటల యంచులందు మాత్రము సంసారముండెను: కుమారుని జ్వరము, క్రొత్త పొయ్యి కొన్నవెల, భర్త శస్త్రచికిత్స. 2001 సెప్టెంబరున నొక వారము గళ్ళన్నియు ఖాళీగా నుండెను. ఆ నెల 11వ తేదీ ఘోరమునకు దేశమంతట నాటలు నిలిపివేసిరట. మా చెల్లెలు జూనులో బ్రసవించిన నాటి పుటయంచున “పొరుగింట నాడుబిడ్డ” యని యాంగ్లమున వ్రాసిపెట్టినది.

ఆ యేడు ఆమె చూపు తగ్గుచు వచ్చెను. జూలైనాటికి గళ్ళు కనబడవయ్యెను. మాకు టెలివిజనుపై నంకెలు చదువునంతటి యాంగ్లము వచ్చును గాన నామె చెప్పుచుండ మేము వ్రాయుట కారంభించితిమి. “వరల్డ్ సిరీస్ లెక్క యొక్కటి యీ పుస్తకములలో జేరవలెనని మా యాయన కోరిక. నా కన్నులుండగనే యది జరుగవలెను,” అని యామె యొకనాడు కూరగాయలు తఱుగుచు జెప్పినది. మేమేమియు బలుకలేకపోతిమి.

ఆగస్టు 9వ తేదీని మా మఱదిగారు మమ్మును, అవ్వను ఆ యాటస్థలమునకు దోడ్కొనిపోయిరి. అది 1999లో దెఱవబడినది. 2019 నుండి టీ-మొబైల్ పార్కని వ్యవహారము. మిగిలిన వింతల నటుంచి, దాని పైకప్పును గూర్చి చెప్పెదము. వాన యెక్కువ గల యూరగుటచే మూడు పెద్ద పలకలు పట్టాలమీద దొరలివచ్చి మైదానమును గప్పును. అయినను ప్రక్కలు మూయబడవు. గొడుగువలె వానను మాత్రమాపి, గాలిని రానిచ్చును. ప్రక్కనే పోవు రైళ్ళ కూతలు నిరాటంకముగ లోనికి వచ్చును. పై యంతస్తునుండి పడమట సంధ్యలో సముద్రము మెఱయుచుండ, క్రింద పచ్చిక దీపముల వెలుగున నింకను బచ్చగా గనబడెను. అచ్చట 2017 నుండి మిడుతలు వేయించి యమ్ముచున్నారు! జనులు పప్పుబద్దలవలె నమలుచుండ జూచి మేము మొగము త్రిప్పుకొని, వెల్లుల్లి వేసిన బంగాళాదుంపల వేపుడుతో సరిపెట్టుకొంటిమి. అందు నుప్పు హెచ్చు. ధర యంతకంటె హెచ్చు.

ఆనాడు ఇచిరో సుజుకి యను జపానుదేశీయుడు ధరించిన 51వ యంకె నిక నా జట్టులో నెవ్వరును ధరింపరాదని గౌరవముగ దీసి పైనుంచిరి. ఆయన 2001లో నచ్చటికి వచ్చెను. 2004లో నొక్క యేటనే 262 మారులు బంతిని సఫలముగ గొట్టి యెనుబది నాలుగేండ్ల నాటి లెక్కను మీఱెను. 2025 జూలైలో గూపర్స్‌టౌను నందలి కీర్తిమందిరమున జేర్పబడిన మొదటి జపానీయు డాయనయే. 394 మందిలో నొక్కడు తప్ప నందఱు నాయనకు సమ్మతి నిచ్చిరి. ఆ యొక్కడెవడో యెవరికిని దెలియదట. పరదేశమున బుట్టినవానిని వేలకొలది జనులు లేచి నిలిచి యట్లు గౌరవించుట చూడగా మా మఱదిగారి కన్నులు చెమర్చినవి. పదునాలుగేండ్లుగ నా దేశమున నుండి, యిప్పటికిని వీసా కాగితముల కొఱకు నెదురు చూచువారాయన.

ఆ వేసవి వీరుడు కాల్ రాలీ. ఆతడు క్యాచరు. ఆట సాగినంతసేపు కొట్టువాని వెనుక గొంతుకూర్చుండి, గంటకు నూఱుమైళ్ళ బంతుల నందుకొనుచు, మోకాళ్ళకును వ్రేళ్ళకును దెబ్బలు తినుచుండవలెను. పెద్దకుటుంబములో గోడలి పనివంటిది: తప్పినప్పుడే యందఱి కన్నును బడును. అట్టి పనిలో నుండి యంతకుముందే క్యాచరును 48కి మించి హోమ్ రన్లు కొట్టలేదు. ఈతడు 60 కొట్టెను. ఆతనికి జనులు పెట్టిన ముద్దుపేరు దేహపు వెనుకభాగమునకు సంబంధించినది గాన నిచ్చట వ్రాయము. జూలైలో జరిగిన హోమ్ రన్ల పందెమున బంతులు విసరినవాడు తండ్రి, వెనుక నందుకొన్నవాడు పదునైదేండ్ల తమ్ముడు. ఆ దృశ్యమును మా చెల్లెలింట మూడుమార్లు వేయించుకొని చూచితిమి.

ఆగస్టు నడుమ తూర్పుతీరమునకు బోయి తొమ్మిదిం టేడోడిరి. ఓడుట యొక బాధ. మజిలీలలో మనుష్యులు నిలిచియుండగా వారి నింటికి జేర్చువాడు లేకపోవుట వేఱొక బాధ. అవ్వ ప్రతిరాత్రియు “ఇక నీ యాట చూడను” అనును. మఱునాడు నిర్ణీతవేళకు పుస్తకము తెచ్చును. సెప్టెంబరు మొదట నొక యభిమాని విసిగి, ఎట్సీ యను నంతర్జాలపు టంగడిలో మంత్రగత్తెకు రొక్కమిచ్చి జట్టు బాగుపడునట్లు ప్రయోగము చేయించెనని వార్తలు వచ్చెను. ఆ నెల 6 మొదలు వరుసగా పదియాటలు గెలిచిరి! మా మఱదిగారు పకపక నవ్విరి. మేము నవ్వలేదు. ఆ సాయంకాలమే బిడ్డకు మిరపకాయలతో దిష్టి తీసినవారము, ఏ మొగముతో నవ్వుదుము?

పిమ్మట హ్యూస్టనుకు బోయి వారి మైదానముననే మూడాటలును గెలిచిరి. సెప్టెంబరు 24వ తేదీ రాత్రి రాలీ యఱువదవ హోమ్ రన్ గొట్టుటయు, 2001 తరువాత మొదటిసారి తమ విభాగమున నగ్రస్థానము చేకూరుటయు నొక్క యాటలోనే జరిగెను.

ప్లేఆఫ్స్‌లో మొదట డెట్రాయిటుతో నైదాటల పోటీ. చెఱి రెండు గెలిచిన తరువాత నక్టోబరు 10న నైదవది. తొమ్మిది వంతులైనవి, పది, పండ్రెండు, పదునాలుగైనవి. రెండు పక్షములును రెండేసి పరుగులతో గదలవు. ఆ మైదానమున చేపల వేషములతో నలుగురు పరుగుపందెము వేయుట వాడుక. ఎన్నడును నెగ్గని హంపీ యను చేప యానాడు నెగ్గెను. అవ్వ దానిని గూడ పుటయంచున వ్రాయుమనెను. పుస్తకములో గళ్ళు చాలక రెండవ పుట ద్రిప్పితిమి. పదునైదవ వంతున హోర్హే పొలాంకో కొట్టిన బంతితో మూడవ పరుగు వచ్చెను. అప్పటికి నాలుగు గంటల యేబదియెనిమిది నిమిషములు. అవ్వ మా చేయి పట్టుకొని చాలసేపు విడువలేదు.

తరువాత గెనడా దేశపు టొరంటోతో నేడాటల పోటీ. అచ్చటికి బోయి మొదటి రెండును గెలిచిరి. ఇంటికి వచ్చి రెండోడిరి. అయిదవయాట యెనిమిదవ వంతున రాలీ సమానము చేయగా, యుహేనియో సువారెస్ మజిలీలన్నియు నిండియుండగా బంతిని గంచె దాటించెను. వరల్డ్ సిరీస్ కిక నొక్క యాట దూరము. ఆ జట్టు పుట్టినది మొదలు అంత దగ్గఱకు నెన్నడును రాలేదు. ఆఱవయాట టొరంటోలో నోడిరి.

ఏడవయాట అక్టోబరు 20, సోమవారము. ఆనాడే దీపావళి. ఆట సాయంకాలమైదుగంటలకే మొదలగుటచే లక్ష్మీపూజ ముందుగ ముగించి, వాకిట దీపములు పెట్టి, అవ్వను మా చెల్లెలింటికే పిలిచితిమి. ఆమె యరిసె నొకదానిని చేతబట్టుకొని తినుట మఱచెను. మనవారు మూడు, వారొకటి. ఏడవ వంతువచ్చెను. ఇంక నెనిమిదిమందిని ఔటు చేసిన చాలును. రెండు మజిలీలలో మనుష్యులుండగా జార్జి స్ప్రింగరు కొట్టిన బంతి యెడమవైపు కంచె దాటిపోయెను. నాలుగు, మూడు. ఇల్లంతయు నిశ్శబ్దము. కడపటి వంతున జూలియో రోడ్రిగెజ్ మూడు బంతులు తప్పి యౌటగునప్పటికి, తరువాతి వంతుకై రాలీ కఱ్ఱపట్టుకొని నిలిచియే యుండెను.

మేము ‘కే’ యక్షరము వ్రాసితిమి. అవ్వ పుస్తకము తీసికొని, కన్నులకు దగ్గఱగా బెట్టుకొని, కనబడినంతవఱకు జూచి, “మార్చి నెలలో మరల మొదలగును. నీవుండవు గదా?” అని యడిగెను. మూడు దినములకే మా ప్రయాణము. మా చెల్లెలు తాను వ్రాసెదనని చెప్పి, బిడ్డ నామె యొడిలో నుంచెను. అప్పుడవ్వ వాకిటి దీపముల వంక జూచి, యీ పండుగ పేరు పుటయంచున వ్రాయుమనియు, ఆంగ్లమున వలదు, మీ లిపిలోనే వ్రాయుమనియు గోరెను. నలువది తొమ్మిది పుస్తకములలో నా యొక్క మాటయే తెలుగున నున్నది.