నవ్వించే పాట, నిలిచిన జ్ఞాపకం

నందిగామలోని మా అన్నయ్యగారు అల్జీమర్స్ వ్యాధి వలన నా పేరు కూడా మరచిపోయారు. ఒక సాయంత్రం ‘మాయాబజార్’ (1957) చిత్రంలో మాధవపెద్ది సత్యం గానం చేసిన ఘటోత్కచుని విందుపాట వినిపించాను. ఆ విచిత్రమైన నవ్వు వరుస 1920ల నాటి చార్లెస్ పెన్రోజ్ ఆంగ్ల హాస్యగీతాన్ని తలపిస్తుంది. అది వినగానే అన్నయ్యగారు పకపకా నవ్వి, తొడపై తాళం వేశారు. నేను మరచిన చరణాన్ని ఆయనే అందించారు!

ఈ వ్యాధిలో సాధారణంగా ఇటీవలి జ్ఞాపకాలు ముందుగా చెదరిపోతాయి. యౌవనంలో విన్న పాటలు తరచుగా చాలాకాలం నిలుస్తాయి. పాట వ్యాధిని నయం చేయదు, మందులకు బదులు కాదు. అయినా ఆందోళనను కొంత తగ్గించగలదు. మీ పెద్దలకు ఇష్టమైన పాటలేవో ఇప్పుడే అడిగి వ్రాసి ఉంచుకోండి.

అన్నయ్యగారికి నా పేరు మరల గుర్తు రాలేదు. మరునాడు మాత్రం నన్ను చూసి, “ఆ పాట పెట్టవోయ్” అన్నారు.